మెంఫిస్ బెల్ మొదటిది కాదా? 25 మిషన్ల లెక్కలో అసలు తికమక ఎక్కడుంది

రెండో ప్రపంచ యుద్ధం విమానాల గురించి మాట్లాడుకునే ఏ చోటైనా మెంఫిస్ బెల్ ఫొటో ఒకటి పెట్టి, కింద "25 మిషన్లు పూర్తి చేసిన మొట్టమొదటి అమెరికన్ బాంబర్" అని రాసి చూడండి. కాసేపట్లోనే ఎవరో ఒకాయన వచ్చి అది తప్పు, హెల్స్ ఏంజెల్స్ అనే విమానం అంతకంటే ముందే పూర్తి చేసింది అంటారు. ఆయన మాట పూర్తికాకముందే ఇంకొకాయన వచ్చి ఆ రెండూ కాదండీ, హాట్ స్టఫ్ 1943 ఫిబ్రవరిలోనే చేసేసింది అంటారు. ముగ్గురి దగ్గరా తేదీలు ఉంటాయి. తమాషా ఏమిటంటే ముగ్గురు చెప్పే తేదీలూ నిజమే.

మరి గొడవ దేనికి? దేన్ని లెక్కపెడుతున్నాం అన్నది ఎవరూ ముందుగా తేల్చుకోకపోవడం వల్ల. విమానం ఎన్నిసార్లు వెళ్లొచ్చిందన్నది ఒక లెక్క, అందులో కూర్చున్న మనుషులు ఎన్నిసార్లు వెళ్లొచ్చారన్నది ఇంకో లెక్క, "ఇంటికి తిరిగి చేరడం" అన్నది మూడో లెక్క. ఈ మూడూ కలిసిపోవడానికి సగం కారణం మన కంగారు, మిగతా సగం 1943లో అమెరికా ప్రభుత్వం చేసిన ప్రచారం. రెండోదాని సంగతి తర్వాత చూద్దాం, ముందు మాటలకి అర్థాలు తేల్చుకుందాం.

హెవీ బాంబర్, మిషన్, టూర్ అంటే ఏమిటి

హెవీ బాంబర్ అంటే టన్నుల కొద్దీ బాంబులు మోసుకుని వందల మైళ్లు పోయి రాగల విమానం, ఆ రోజుల్లో మామూలుగా నాలుగు ఇంజన్లు ఉండేవి. ఇంగ్లండ్ నుంచి ఎగిరిన అమెరికన్లకి అలాంటివి రెండు రకాలు: బోయింగ్ వాళ్ల బి-17, దీన్నే ఫ్లయింగ్ ఫోర్ట్రెస్ అనేవాళ్లు, రెండోది బి-24 లిబరేటర్. బ్రిటిష్ వాళ్లకి లాంకాస్టర్, హాలిఫాక్స్, స్టిర్లింగ్ ఉండేవి. మన కథలోని మెంఫిస్ బెల్, హెల్స్ ఏంజెల్స్ రెండూ బి-17ఎఫ్ రకం, హాట్ స్టఫ్ మాత్రం బి-24. లిబరేటర్ అన్న పేరు మనకి మరీ పరాయిదేం కాదు, యుద్ధం అయ్యాక కాన్పూర్‌లో వదిలేసి పోయిన లిబరేటర్లని హెచ్‌ఏఎల్ వాళ్లు బాగుచేసి ఎగరేస్తే, మన వాయుసేన 1968 దాకా వాటిని వాడింది.

మిషన్ అంటే శత్రువు మీదికి ఒకసారి వెళ్లి రావడం. వినడానికి ఇంతే, కానీ లెక్కలో మెలికలున్నాయి. పొద్దున్నే లేచి, బాంబులు ఎక్కించుకుని, ఇంగ్లిష్ చానల్ దాకా వెళ్లాక ఒక ఇంజన్ మొరాయించి వెనక్కి తిరిగితే అది సాధారణంగా లెక్కలోకి రాదు. అంటే ఆ రోజు పడిన టెన్షన్ అంతా ఉచితం.

టూర్ అంటే ఇన్ని మిషన్లు చేస్తే నీ వంతు అయిపోయింది, ఇక యుద్ధంలో ఎగరక్కర్లేదు అని పెట్టిన హద్దు. ఇంగ్లండ్‌లోని అమెరికన్ 8వ వైమానిక దళం 1943లో ఈ హద్దు 25 అని పెట్టింది. రాత్రిపూట దాడులు చేసే బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో అది 30. ముఖ్యమైన సంగతేమిటంటే ఈ హద్దు మనుషులకి, విమానానికి కాదు. విమానానికి రిటైర్మెంట్ లేదు, కూలిపోయేదాకానో పనికిరాకుండా పోయేదాకానో ఎగరాల్సిందే.

పది మంది, ఒక్కొక్కరికీ ఒక మూల

బి-17లో పది మంది ఉండేవాళ్లు. ముందు గాజు ముక్కులో బాంబులు వేసే బొంబార్డియర్, అతని వెనకే దారి చూసే నావిగేటర్. పైన కాక్‌పిట్‌లో పైలట్, కో-పైలట్. వాళ్ల వెనక ఇంజన్ల సంగతి చూసే ఇంజనీర్, శత్రు విమానాలు వచ్చాయంటే ఆయనే పై టరెట్‌లో, అంటే గుండ్రంగా తిరిగే తుపాకీ గూట్లో, తుపాకీ పట్టుకుంటాడు. బాంబుల అర దాటాక రేడియో ఆపరేటర్, ఆ తర్వాత కడుపు కింద వేలాడే గుండ్రటి టరెట్‌లో ఒకడు, నడుం దగ్గర చెరో కిటికీ దగ్గరా ఇద్దరు, తోక చివర మోకాళ్ల మీద కూర్చుని వెనక్కి చూస్తూ ఒకడు.

మెంఫిస్ బెల్ పైలట్ రాబర్ట్ మోర్గాన్, కో-పైలట్ జేమ్స్ వెరీనిస్. నావిగేటర్ చార్ల్స్ లేటన్, బొంబార్డియర్ విన్సెంట్ ఎవాన్స్. తోక గన్నర్ జాన్ క్విన్లన్, కింది టరెట్‌లో సెసిల్ స్కాట్. వీళ్లు 91వ బాంబ్ గ్రూప్, 324వ స్క్వాడ్రన్ వాళ్లు, కేంబ్రిడ్జ్‌షైర్‌లోని బాసింగ్‌బోర్న్ నుంచి ఎగిరేవాళ్లు. మోర్గాన్ ప్రేమించిన అమ్మాయి మార్గరెట్ పోక్ ది మెంఫిస్ నగరం, విమానం పేరు అక్కడి నుంచి వచ్చింది.

ఆ కింది టరెట్ సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. నాలుగడుగులు కూడా లేని గోళంలో, మోకాళ్లు ఛాతీకి ఆనేలా ముడుచుకుని, రెండు కాళ్ల మధ్య నుంచి గురి చూస్తూ, రెండు పెద్ద మెషిన్‌గన్ల మధ్య గంటల తరబడి ఉండాలి. పారాచూట్ కట్టుకుంటే అందులో పట్టడం కష్టం, అందుకని చాలామంది దాన్ని పైన విమానంలోనే వదిలి దిగేవాళ్లు. విమానం దెబ్బ తింటే టరెట్‌ని సరైన దిక్కుకి తిప్పి, తలుపు తీసుకుని, పైకి ఎక్కి, పారాచూట్ వెతుక్కుని తగిలించుకుని, అప్పుడు దూకాలి. పొట్టివాళ్లని ఏరి మరీ అక్కడ కూర్చోబెట్టేవాళ్లు.

పైగా చలి. బి-17 లోపల గాలి ఒత్తిడి పెంచే ఏర్పాటు లేదు, నడుం దగ్గర కిటికీలు బార్లా తెరిచే ఉండేవి. 25,000 అడుగుల ఎత్తులో మైనస్ 40 డిగ్రీలు మామూలు విషయం. కరెంటుతో వేడెక్కే సూట్లు ఇచ్చారు గానీ వైరు తెగితే పనిచేయవు, ఆక్సిజన్ మాస్కులో ఊపిరి తేమ గడ్డకట్టి గొట్టం మూసుకుపోతే మనిషికి తెలియకుండానే స్పృహ తప్పుతుంది. జామైన తుపాకీని విడదీయడానికి చేతి తొడుగు తీశారా, వేళ్లు పోయినట్టే. మెంఫిస్ బెల్‌లో కూడా పై టరెట్‌లో మొదట్లో ఉన్నవాళ్లలో ఒకరికి చేతులు మంచుకాటుకి దెబ్బతిన్నాయి, తర్వాత ఆ చోటుకి హెరాల్డ్ లోక్ వచ్చాడు. ఫొటోల్లో కనిపించే "ఆ పది మంది" మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఉన్న పది మంది కాదన్నమాట. ఈ మాట గుర్తుంచుకోండి, లెక్కల దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

అన్నింటికంటే భయపడేది బాంబులు వేసే ముందు ఆ కొద్ది నిమిషాలకి. అంతదాకా అటూ ఇటూ జరుగుతూ వచ్చిన విమానం అప్పుడు గీత గీసినట్టు తిన్నగా, ఒకే ఎత్తులో, ఒకే వేగంతో పోవాలి, లేకపోతే నార్డెన్ బాంబ్‌సైట్ అనే గురిచూసే యంత్రం లెక్క తప్పుతుంది. ఆటోపైలట్‌ని బాంబ్‌సైట్‌కి కలిపేస్తారు కాబట్టి ఆ కాసేపు విమానం నడిపేది పైలట్ కాదు, ముక్కులో వంగి కూర్చున్న బొంబార్డియర్. కింద జర్మన్ల 88 మిల్లీమీటర్ల ఫిరంగులకి కూడా ఇది తెలుసు. తిన్నగా వచ్చే విమానం కంటే సులువైన గురి ఏముంటుంది?

25 అనే అంకె ఎలా వచ్చింది

1942 ఆగస్టులో అమెరికన్ హెవీ బాంబర్లు ఇంగ్లండ్ నుంచి దాడులు మొదలుపెట్టినప్పుడు ఇంతకి ఇంత అని హద్దేమీ లేదు. శరదృతువు, చలికాలం గడిచేసరికి గ్రూపుల్లో పాత ముఖాలు కనబడటం తగ్గిపోయింది. ఎప్పటికి అయిపోతుందో తెలియని పనిలో మనిషి విరిగిపోతాడు, ఇది కమాండర్లకీ వైద్యులకీ అర్థమైంది. అలాగని పది మిషన్లకే పంపించేస్తే కొత్తవాళ్లకి శిక్షణ ఇచ్చి పంపేలోగా విమానాలు నడపడానికి ఎవరూ మిగలరు. అందుకని మనిషికి ఆశ మిగిలేంత తక్కువగా, దళం ఖాళీ అయిపోనంత ఎక్కువగా ఒక అంకె కావాలి. అలా 25 దగ్గర ఆగారు. చాలామంది ఇదేదో సైన్సు లెక్క అనుకుంటారు, కాదు, ఇది బేరం.

తర్వాత ఈ హద్దు మారింది. 1944లో నష్టాలు తగ్గుముఖం పట్టాక 30కి, ఆ తర్వాత 35కి పెంచారు. కష్టపడి ఇరవై పూర్తి చేసినవాళ్లకి ఈ వార్త ఎలా తగిలి ఉంటుందో చెప్పక్కర్లేదు.

4 శాతం అంటే చిన్న అంకెనా? ఒకసారి లెక్కేసి చూద్దాం

1942 చివర నుంచి 1943 మధ్య దాకా దాడికి వెళ్లిన బి-17లలో సగటున సుమారు 4 నుంచి 5 శాతం తిరిగి వచ్చేవి కావు. వంద వెళ్తే తొంభై ఆరు వచ్చాయి కదా, బాగానే ఉందే అనిపిస్తుంది. ఇక్కడ రెండు రకాలుగా పొరపాటు పడతారు.

మొదటి రకం వాళ్లు 4 ఇంటూ 25 ఈక్వల్ టు 100, కాబట్టి ఒక్కడూ మిగలడు అంటారు. అది తప్పు. ప్రతిసారీ 4 శాతం పోయేది అప్పటికి మిగిలినవాళ్లలోంచి. వంద బృందాలు మొదలుపెడితే మొదటి మిషన్ తర్వాత 96 ఉంటాయి. రెండోదాని తర్వాత 96లో 4 శాతం పోయి 92 చిల్లర. పదో మిషన్ అయ్యేసరికి 66 చిల్లర, పదిహేడోది అయ్యేసరికి సరిగ్గా సగం. ఇరవై అయిదు పూర్తయ్యేసరికి 36.

రెండో రకం వాళ్లు 4 అయినా 5 అయినా పెద్ద తేడా ఏముంది అంటారు. అదీ తప్పే. 5 శాతం చొప్పున పోతే 25 తర్వాత మిగిలేది 28 లోపే. 2 శాతమే పోతే 60 మిగులుతాయి. ఒక్కో శాతానికీ ఇరవై అయిదుసార్లు వడ్డీ కట్టాలి.

ఈ లెక్కతోనే 35 సంగతి కూడా తేలుతుంది. 1944 చివర్లో హద్దు పెంచారు కాబట్టి అప్పటివాళ్లు ఎక్కువ కష్టపడ్డారనుకోవడం సహజం. కానీ నష్టం ఒక శాతం దగ్గర ఉంటే 35 మిషన్ల తర్వాత కూడా వందలో 70 బృందాలు మిగులుతాయి. 4 శాతం రోజుల్లో 25 చేసినవాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు. అంకె పెద్దదయింది, ప్రమాదం చిన్నదయింది.

అయితే సగటు అన్నది ఎవరికీ విడిగా వర్తించదు. 1943 ఏప్రిల్ 17న జర్మనీలో బ్రెమెన్‌లోని విమాన కర్మాగారం మీదికి 115 బి-17లు బయల్దేరితే 16 కూలిపోయాయి, అంటే దాదాపు 14 శాతం. వాటిలో ఆరు ఒక్క 91వ గ్రూపువే, మెంఫిస్ బెల్ కూడా ఆ రోజు అక్కడే ఉంది. ప్రతి రోజూ బ్రెమెన్‌లాగే ఉండుంటే 25 పూర్తి చేసేవి వందలో రెండు బృందాలే. ఇంకో మాట, విమానం రాలేదంటే అందరూ చనిపోయారని కాదు. పారాచూట్‌లో దిగి బందీలయినవాళ్లు వేలల్లో ఉన్నారు, ఫ్రాన్స్ మీదుగా తప్పించుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. అటు నుంచి చూస్తే, క్షేమంగా దిగిన విమానాల్లోనూ శవాలు ఉండేవి.

విమానం లెక్క వేరు, మనుషుల లెక్క వేరు

ఆర్టీసీ బస్సునే తీసుకోండి. ఫలానా బస్సు ఈ నెల ఎన్ని ట్రిప్పులు కొట్టిందో, ఫలానా డ్రైవర్ ఎన్ని కొట్టాడో ఒకటే అవ్వాలని లేదు. బస్సు గ్యారేజీలో ఉంటే డ్రైవర్ వేరే బండి తీసుకెళ్తాడు, డ్రైవర్ సెలవులో ఉంటే బండిని ఇంకొకరు తీసుకెళ్తారు.

మోర్గాన్ బృందం విషయంలో జరిగింది ఇదే. బెల్ మొదటి దాడి 1942 నవంబర్ 7న ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ రేవు మీద. ఆ తర్వాత ఎన్నోసార్లు దెబ్బలు తిని, ఇంజన్లు మార్చుకుంటూ, తోక బాగుచేయించుకుంటూ షెడ్డులో కూర్చునేది. దాన్ని నిలబెట్టిన గ్రౌండ్ సిబ్బంది పెద్ద జో జామ్‌బ్రోన్ పేరు ఈ గొడవల్లో ఎవరూ తలుచుకోరు, అదొక అన్యాయం. బెల్ షెడ్డులో ఉన్నప్పుడు మోర్గాన్ వాళ్లు వేరే బి-17లు తీసుకుని వెళ్లేవాళ్లు. బెల్ సిద్ధంగా ఉండి మోర్గాన్ లేనప్పుడు వేరేవాళ్లు దాన్ని తీసుకెళ్లేవాళ్లు. 1942 డిసెంబర్ 30న ఫ్రాన్స్‌లోని లోరియాంకి బెల్‌ని నడిపించింది కో-పైలట్ వెరీనిస్. ఆయన ఇతర విమానాలకీ పైలట్‌గా వెళ్లాడు కాబట్టి తన 25ని మోర్గాన్ కంటే కొన్ని రోజుల ముందే ముగించేశాడు. ఒకే కాక్‌పిట్‌లో పక్కపక్కన కూర్చున్న ఇద్దరి లెక్కే కలవలేదు.

ఇక చివరి వారం చూడండి. 1943 మే 17న లోరియాం దాడితో మోర్గాన్ బృందానికి 25 అయిపోయాయి. సంబరాలు చేసుకున్నారు. కానీ విమానం ఖాతాలో ఇంకా ఒకటి బాకీ ఉంది. అది మే 19న జర్మనీలోని కీల్ మీది దాడితో తీరింది, ఆ రోజు నడిపింది మోర్గాన్ కాదు, వేరే బృందం. అందుకే "మెంఫిస్ బెల్ ఎప్పుడు 25 పూర్తి చేసింది?" అంటే 17 అన్నా 19 అన్నా తప్పనలేం, ఎవరి గురించి అడుగుతున్నారో ముందు అడగాలి.

"మొదటి" అని చెప్పుకోదగ్గవాళ్లు ఎవరెవరు

మనుషులతో మొదలుపెడితే, 306వ గ్రూపులో మైఖేల్ రోస్కోవిచ్ అనే గన్నర్ 1943 ఏప్రిల్లోనే తన 25 పూర్తి చేశాడు. అంటే "8వ వైమానిక దళంలో 25 చేసిన మొదటి మనిషి" అన్న కిరీటం బెల్ బృందంలో ఎవరికీ దక్కదు.

విమానాల్లో బి-17ల వరకు చూస్తే మోల్స్‌వర్త్ నుంచి ఎగిరిన 303వ గ్రూపు విమానం హెల్స్ ఏంజెల్స్ మే 13న 25 చేరుకుంది. బెల్ కంటే ఆరు రోజుల ముందు. పైగా అక్కడితో ఆగలేదు, 48 మిషన్లు చేశాకే అమెరికాకి పంపారు. దాని పక్షాన వాదించేవాళ్ల మాటలో కాస్త కోపం కూడా వినిపిస్తుంది, అది న్యాయమైన కోపమే.

హాట్ స్టఫ్ పక్షంవాళ్ల వాదన ఇంకా బలంగా ఉంటుంది. 93వ గ్రూపుకి చెందిన ఈ బి-24 ఫిబ్రవరిలోనే 25 దాటి, మొత్తం 31 చేసింది. దీనికి ఎదురు చెప్పేవాళ్లు అనేదేమిటంటే, ఆ చలికాలంలో 93వ గ్రూపు విమానాలు కొన్ని వారాలు ఉత్తర ఆఫ్రికాకి వెళ్లి అక్కడి నుంచి ఇటలీ వైపు దాడులు చేశాయి, కాబట్టి "ఇంగ్లండ్ నుంచి జర్మన్ల మీద 25" అన్న కొలతకి అవన్నీ సరిపోవు. నాకైతే ఈ అభ్యంతరం బలహీనంగానే కనిపిస్తుంది. ఇటలీలోని నేపుల్స్ నుంచి వాటి మీదికి ఫిరంగులు పేల్చినవాళ్లు గాలిబుడగలేమీ వదల్లేదు కదా. కానీ కొలత ఏమిటని ముందే గీత గీసుకుంటే ఆ అభ్యంతరానికీ చోటుంది.

అసలు హాట్ స్టఫ్ పేరు ఎందుకు మరుగునపడిందంటే, అది ఇల్లు చేరలేదు. 1943 మే 3న అమెరికాకి తిరిగి వెళ్తూ ఐస్‌లాండ్‌లో దిగబోయి, మబ్బుల్లో దారి కనిపించక ఫాగ్రదాల్స్‌ఫ్యాల్ అనే కొండకి కొట్టుకుంది. 2021లో లావా చిమ్మి వార్తల్లోకెక్కింది చూడండి, ఆ కొండే. విమానంలో ఉన్న 15 మందిలో 14 మంది చనిపోయారు, తోక గన్నర్ ఒక్కడే బతికాడు. చనిపోయినవాళ్లలో ఐరోపాలోని అమెరికన్ సేనల అధిపతి లెఫ్టినెంట్ జనరల్ ఫ్రాంక్ ఆండ్రూస్ ఉన్నాడు, వాషింగ్టన్ దగ్గరున్న ఆండ్రూస్ వైమానిక స్థావరం పేరు ఆయనదే. ఆయనకీ ఆయన సిబ్బందికీ చోటు ఇవ్వడం కోసం హాట్ స్టఫ్ అసలు బృందంలో కొందరిని ఇంగ్లండ్‌లోనే దింపేశారు. అలా దిగిపోయినవాళ్లు బతికిపోయారు.

మరి పేరు బెల్‌కే ఎందుకొచ్చింది

ఇక్కడ ప్రచారం సంగతి వస్తుంది. అప్పటికే హాలీవుడ్‌లో పెద్ద దర్శకుడైన విలియం వైలర్ సైన్యంలో చేరి, 1943 మొదట్లో ఇంగ్లండ్‌లో బాంబర్ల మీద డాక్యుమెంటరీ తీస్తున్నాడు. మామూలు స్టూడియో మనుషుల్లా నేల మీద నిలబడి తీసింది కాదు, ఆయన బృందం 16 ఎంఎం కెమెరాలు పట్టుకుని నిజం దాడులకే వెళ్లింది, వాళ్లలో హెరాల్డ్ టానెన్‌బామ్ అనే ఆయన విమానం కూలి చనిపోయాడు కూడా. సినిమాకి ఒక విమానం, ఒక బృందం, ఒక చివరి మిషన్ కావాలి. బెల్‌కి అన్నీ కుదిరాయి. పేరులో ప్రేమకథ, ముక్కు మీద జార్జ్ పెట్టీ అనే చిత్రకారుడి గీతని చూసి వేసిన స్విమ్ సూట్ అమ్మాయి బొమ్మ, చూడచక్కని పైలట్, చేతికందే దూరంలో 25. 1944లో విడుదలైన ఆ డాక్యుమెంటరీలో అంతా ఒకే దాడిలా నడుస్తుంది గానీ నిజానికి దృశ్యాలు వేర్వేరు దాడులవి, వేర్వేరు విమానాల నుంచి తీసినవి.

రెండో కారణం యుద్ధ బాండ్లు. ప్రభుత్వానికి జనం దగ్గర డబ్బు కావాలి, కర్మాగారాల్లో హుషారు కావాలి. అందుకు ప్రాణాలతో ఉన్న హీరోలు కావాలి. జూన్ 16న బెల్ వాషింగ్టన్‌లో దిగింది, అక్కడి నుంచి నెలల తరబడి ఊరూరా తిప్పారు, మెంఫిస్‌తో సహా. జనం వచ్చి ముట్టుకునేవాళ్లు, కొందరు గుర్తుగా పేర్లు గీకేవాళ్లు. ఆ హడావిడిలోనే మోర్గాన్‌కీ మార్గరెట్‌కీ మధ్య నిశ్చితార్థం చెడిపోయింది, పేరు మాత్రం విమానానికి ఉండిపోయింది.

కాబట్టి అబద్ధం చెప్పారా అంటే, పూర్తిగా కాదు. 25 పూర్తి చేసి అమెరికా తిరిగొచ్చిన మొదటి హెవీ బాంబర్ అన్నంతవరకు మెంఫిస్ బెల్ మాట నిలుస్తుంది, ఇప్పుడు దాన్ని ఉంచిన మ్యూజియం కూడా ఆ "తిరిగొచ్చిన" అన్న ముక్క జాగ్రత్తగా చేర్చే రాస్తుంది. పోస్టర్లలో, పేపర్లలో ఆ ముక్క ఎగిరిపోయింది, అంతే.

ఇంతా చేసి ఆ బాంబులు ఏం సాధించాయి

దీని మీద చరిత్రకారులు ఇప్పటికీ ఒకే మాట మీద లేరు. బెల్ వెళ్లిన చోట్లు చూస్తే లోరియాం, సాంనజేర్, బ్రెస్ట్ మళ్లీ మళ్లీ వస్తాయి. అవి జర్మన్ జలాంతర్గాములు ఆగే రేవులు. జలాంతర్గాముల షెడ్లకి మీటర్ల మందం కాంక్రీటు కప్పులు వేసి ఉన్నాయి, అప్పటి బాంబులు వాటిని పగలగొట్టలేకపోయాయి. చుట్టూ ఉన్న ఫ్రెంచి ఊళ్లు మాత్రం నేలమట్టమయ్యాయి, లోరియాంని ఎక్కువగా ధ్వంసం చేసింది రాత్రి దాడులు చేసిన బ్రిటిష్ వాళ్లు. ఊళ్లలో పిల్లీ కుక్కా కూడా మిగల్లేదు గానీ షెడ్లు మాత్రం అలాగే ఉన్నాయని జర్మన్ నౌకాదళాధిపతి డోనిట్స్ స్వయంగా 1943లో అన్నాడు.

1943 ఏప్రిల్ 5 ఇంకా బాధాకరమైన రోజు. ఆంట్వెర్ప్ పక్కన మోర్ట్‌సెల్ అనే ఊళ్లో విమానాలు బాగుచేసే కర్మాగారం మీద వేసిన బాంబుల్లో చాలా భాగం ఇళ్ల మీద, బడుల మీద పడ్డాయి. 936 మంది మామూలు జనం చనిపోయారు, అందులో 200కి పైగా పిల్లలే. ఇది మన లెక్కల గొడవకీ సంబంధించినదే: ఆ రోజు మోర్గాన్ బృందం వెళ్లింది వేరే విమానంలో. అందుకని మోర్ట్‌సెల్ మనుషుల ఖాతాలో ఉంటుంది, మెంఫిస్ బెల్ ఖాతాలో ఉండదు.

అటువైపు వాదన ఏమిటంటే, 1943 మొదటి సగం ఫలితాలని బట్టి మొత్తాన్ని తీసిపారేయకూడదని. ఈ దాడుల వల్ల జర్మనీ తన ఫైటర్ విమానాలనీ ఫిరంగులనీ వేలాది మనుషులనీ వేరే యుద్ధరంగాల నుంచి తీసి ఇంటి కాపలాకి పెట్టుకోవాల్సి వచ్చింది. పగటిపూట దాడులు ఎలా చేయాలో, వరస ఎలా కట్టాలో అమెరికన్లు నేర్చుకున్నది కూడా ఈ నెలల్లోనే. అది నిజమే. కానీ ఆ నేర్చుకోవడానికి ఎంత ఖర్చయిందో చూడండి. కిటికీ కిటికీకీ తుపాకులుంటే బాంబర్లు తమని తామే కాపాడుకుంటాయని వాళ్ల నమ్మకం. 1942 నవంబర్లోనే ఎగోన్ మాయర్ అనే జర్మన్ పైలట్ బి-17 ముక్కు వైపు తుపాకులు బలహీనంగా ఉన్నాయని కనిపెట్టి, ఎదురుగా వచ్చి కొట్టడం మొదలుపెట్టాడు. గన్నర్లు చెప్పిన లెక్కలు ఆ నమ్మకాన్ని ఇంకా పెంచాయి: 1942 అక్టోబర్ 9న లీల్ దాడిలో 56 జర్మన్ విమానాలు కూల్చామని మొదట చెప్పుకున్నారు, జర్మన్ రికార్డుల్లో చూస్తే ఆ రోజు పోయినవి ఒకటి రెండుకి మించవు. గన్నర్లు అబద్ధాలు ఆడారని కాదు, పొగలు కక్కుతూ పడిపోయే ఒకే విమానాన్ని పాతిక మంది చూసి పాతిక మందీ తమదే అనుకుంటారు.

ఆ నమ్మకం పూర్తిగా కూలింది బెల్ ఇంటికి వెళ్లిపోయాక. 1943 ఆగస్టు 17న జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్, రేగెన్స్‌బుర్గ్‌ల మీదికి వెళ్లిన 376 బాంబర్లలో 60 పోయాయి, అక్టోబర్ 14న మళ్లీ ష్వైన్‌ఫుర్ట్ మీదికి 291 వెళ్తే ఇంకో 60. లక్ష్యం దాకా తోడుగా రాగలిగే పి-51 ఫైటర్లు వచ్చాకే పరిస్థితి మారింది. బెల్ ఎగిరిన 91వ గ్రూపు యుద్ధం ముగిసేసరికి 197 విమానాలు పోగొట్టుకుంది, 8వ వైమానిక దళంలో ఏ గ్రూపుకీ ఇంత నష్టం లేదు.

తర్వాత ఏమయ్యాయి, ఏమయ్యారు

48 మిషన్లు చేసిన హెల్స్ ఏంజెల్స్‌ని 1945లో తుక్కు కింద కొట్టేశారు. మెంఫిస్ బెల్ కూడా ఓక్లహోమాలోని ఒక పాత విమానాల డంపులో అదే దారి పట్టబోతుంటే, 1946లో మెంఫిస్ నగరం వాళ్లు 350 డాలర్లకి కొనుక్కున్నారు. కొన్నాక దశాబ్దాల పాటు ఆరుబయటే ఎండకీ వానకీ వదిలేశారు, పోయినవాడల్లా ఒక భాగం ఊడబీక్కుపోయాడు. 2005లో ఒహాయోలోని డేటన్ వాయుసేన మ్యూజియానికి తీసుకెళ్లి, 55,000 గంటలకి పైగా పని చేసి బాగుచేసి, 2018 మే 17న జనానికి చూపించారు. వాళ్లు ఎంచుకున్న తేదీ బృందం 25 పూర్తి చేసిన తేదీ, విమానం పూర్తి చేసింది కాదు.

మోర్గాన్ మాత్రం 25తో ఆగలేదు. బాండ్ల ప్రచారం ముగిశాక ఇంకా పెద్దదైన బి-29 నేర్చుకుని పసిఫిక్‌కి వెళ్లాడు. 1944 నవంబర్ 24న టోక్యో మీదికి వెళ్లిన మొదటి బి-29 దాడికి ముందున్న విమానం ఆయనదే, ముక్కులో బొంబార్డియర్‌గా కూర్చున్నది కూడా బెల్‌లో కూర్చున్న విన్సెంట్ ఎవాన్సే. అక్కడ మోర్గాన్ ఇంకో 26 మిషన్లు చేశాడు.